మూడు గడుల ఫారం: ఉత్తరాంధ్ర కొత్త పైలట్లు ఏ బేస్ కోరుకోవాలి?

ఎయిర్‌లైన్‌లో ఫస్ట్ ఆఫీసర్‌గా, అంటే కెప్టెన్ పక్కన కూర్చునే పైలట్‌గా ఎంపికయ్యాక, ఏ ఊరు కేంద్రంగా (బేస్‌గా) పనిచేయాలనుకుంటున్నారో అడిగే బేస్ ప్రాధాన్యాల ఫారం ఏదో ఒక రోజు వస్తుంది. సాధారణంగా అందులో మూడు గడులుంటాయి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వెళ్లిన పిల్లలు మొదటి గడిలో ఆలోచించకుండా హైదరాబాద్ అని రాసి, మిగతా రెండూ మొక్కుబడిగా నింపేస్తారు. నన్నడిగితే బుర్ర పెట్టాల్సింది రెండో గడి మీద. హైదరాబాద్ కోరుకునేవాళ్లు ఎప్పుడూ ఎక్కువే. అది దక్కనప్పుడు మీరు ఏ ఊళ్లో ఏళ్ల తరబడి బతకాలో చెప్పేది ఆ రెండో గడి.

నేను కొన్నేళ్లు ఒక ఎయిర్‌లైన్‌లో సిబ్బందికి రోస్టర్లు (డ్యూటీల పట్టికలు) వేసే విభాగంలో పనిచేసి, ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నాను. తెలిసినవాళ్ల పిల్లలు ఈ ఫారం గురించి అడిగినప్పుడు చెప్పే విషయాలే ఇక్కడ రాస్తున్నాను.

పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం బేస్ అంటే పైలట్ డ్యూటీ మామూలుగా మొదలై, ముగిసే చోటు. మామూలు పరిస్థితుల్లో అక్కడ వసతి చూపించే బాధ్యత కంపెనీది కాదు. ఖర్చంతా ఈ రెండో ముక్కలో ఉంది. బేస్ ఢిల్లీ అయితే ఢిల్లీ అద్దె మీ జేబులోంచి పోతుంది. విశాఖలో రాత్రి ఆగాల్సి వస్తే హోటల్ గది కంపెనీ ఇస్తుంది. దీనివల్ల మన పిల్లలకు ఒక చిత్రమైన పరిస్థితి వస్తుంది. హైదరాబాద్ బేస్ ఉన్న కుర్రాడు నైట్ హాల్ట్‌కు విశాఖ వచ్చి హోటల్లో పడుకుంటాడు. ఇల్లు అరవై కిలోమీటర్ల దూరంలో విజయనగరంలో ఉంటుంది. మర్నాడు పొద్దున్నే ఫ్లైట్ కాబట్టి విశ్రాంతి వదులుకుని ఇంటికి వెళ్లలేడు. అమ్మే క్యారేజీ పట్టుకుని హోటల్‌కు వస్తుంది.

బేస్ ఎవరు, ఎలా నిర్ణయిస్తారు

ఫారంలో మీరు రాసేది కోరిక మాత్రమే. నియామక పత్రంలో దేశంలో ఎక్కడికైనా పంపవచ్చన్న షరతు దాదాపు ప్రతి కంపెనీలోనూ ఉంటుంది. కంపెనీ లెక్క వేరు. ఏ ఊళ్లో రాత్రికి ఎన్ని విమానాలు నిలుస్తున్నాయి, రాబోయే నెలల్లో ఎక్కడ పెరుగుతున్నాయి, ఎక్కడ ఎవరు కెప్టెన్లుగా మారుతున్నారు, ఎవరు రాజీనామా చేశారు అన్నది చూస్తారు. ఒక చిన్న జెట్ విమానాన్ని రోజంతా, వారమంతా తిప్పాలంటే దానికి పది మందికి పైగా పైలట్లు కావాలి. కోల్‌కతాకు రెండు విమానాలు అదనంగా పంపాలని నిర్ణయమైన నెలలో మీ బ్యాచ్ శిక్షణ ముగిస్తే, మీ ఫారంలో ఏమున్నా మీలో చాలామంది కోల్‌కతా వెళ్తారు. రెండు నెలల తర్వాత వచ్చిన బ్యాచ్‌కు హైదరాబాద్ దొరకవచ్చు. ఇందులో మీ ప్రతిభకు గానీ మీ సిఫారసుకు గానీ పెద్దగా పాత్ర లేదు. సిఫారసు గురించి ఎందుకంటున్నానంటే, కేంద్ర పౌర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు శ్రీకాకుళం ఎంపీయే కాబట్టి ఒక ఉత్తరం రాయిస్తే పనైపోతుందని నమ్మే పెద్దలు మన ఊళ్లలో ఉన్నారు. ప్రైవేటు కంపెనీ తన పైలట్‌ను ఏ ఊళ్లో ఉంచాలన్నది మంత్రిత్వ శాఖ తేల్చే విషయం కాదు.

ఒకే రోజు చేరిన బ్యాచ్‌లో ముందు వెనుకలు తేల్చడానికి ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతి పాటిస్తుంది. సంతకం పెట్టే ముందే ఆ పద్ధతి ఏమిటో అడిగి తెలుసుకోండి. బేస్‌తోపాటు సెలవులు, కెప్టెన్ పదోన్నతి వంటి వాటిలో కూడా ఆ వరుస మీ వెంట రావచ్చు.

అమెరికా పెద్ద కంపెనీల్లో ఈ వరుసే సర్వస్వం. చేరిన తేదీని బట్టి ప్రతి పైలట్‌కూ ఒక సీనియారిటీ సంఖ్య ఉంటుంది. ఒకే రోజు చేరినవాళ్లలో వయసులో పెద్దవాడికి ముందు సంఖ్య ఇవ్వడం కొన్ని కంపెనీల పద్ధతి, చీటీలు తీయడం లాంటిది మరికొన్నిటి పద్ధతి. ఖాళీలు ప్రకటించినప్పుడు ఆ సంఖ్య ప్రకారమే బేస్, విమానం రకం రెండూ దక్కుతాయి. సీనియర్లు న్యూయార్క్ లాంటి ఖరీదైన ఊళ్లకు దూరంగా ఉంటారు కాబట్టి కొత్తవాళ్లు ముందు అక్కడికే వెళ్తారు. వేరే రాష్ట్రంలో కాపురం పెట్టి, బేస్ దగ్గర నలుగురైదుగురు కలిసి ఒక అద్దె గది తీసుకుని, డ్యూటీ ముందు రోజు విమానంలో వచ్చి అందులో పడుకునేవాళ్లు అక్కడ వేలమంది. నియమం కఠినమే గానీ ఎవరి ముందు ఎవరున్నారో అందరికీ తెలుసు. మన దగ్గర అంత బహిరంగంగా ఉండదు. అందుకే అమెరికాలో పనిచేసిన మామయ్య చెప్పిన సలహా ఇక్కడ యథాతథంగా పనికిరాదు.

గల్ఫ్ సంగతి ఇంకా సులువు. ఎమిరేట్స్‌కు బేస్ ఒక్కటే, దుబాయ్. వసతి కూడా కంపెనీ చూసుకుంటుంది. అయితే రెండు వందల గంటల లైసెన్సుతో నేరుగా వెళ్లి అక్కడ ఫస్ట్ ఆఫీసర్ కాలేరు కాబట్టి ప్రస్తుతానికి దాన్ని పక్కన పెడదాం.

ఊరికంటే ముందు విమానం

కొత్తవాళ్లు గమనించని విషయం ఇది. బేస్‌ను ముందుగా పరిమితం చేసేది మీరు ఏ విమానం నడుపుతారన్నదే. ఆ రకం విమానాలు లేని ఊరు మీకు బేస్ కాలేదు.

మన దేశంలో కొత్తవాళ్ల ముందుండేవి ప్రధానంగా మూడు. ఎయిర్‌బస్ ఏ320 కుటుంబం, బోయింగ్ 737, ఏటీఆర్. ఏ320 చేతికొస్తే బేస్‌ల జాబితా పొడవుగా ఉంటుంది. ఇండిగో, ఎయిర్ ఇండియా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ మూడింటిలోనూ ఆ విమానాలున్నాయి. 2022 ఆగస్టులో మొదలైన ఆకాసాలో ఉన్నవన్నీ 737 మ్యాక్స్‌లే. ముంబయి, బెంగళూరు దానికి ముఖ్య కేంద్రాలు. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో రెండు రకాలూ కలిశాయి. మొదట్నుంచీ కేరళ, మంగళూరు కేంద్రాలుగా 737లు నడిపిన సంస్థలో, బెంగళూరు కేంద్రంగా ఏ320లు నడిపిన ఏఐఎక్స్ కనెక్ట్ 2024 అక్టోబరు 1న విలీనమైంది. ఇలాంటి విలీనం జరిగినప్పుడు ఏ విమానాన్ని ఎక్కడ నిలపాలన్న లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కాబట్టి బేస్ శాశ్వతం అనుకుని పిల్లను చూసే పెద్దలకు ముందే చెప్పి ఉంచండి.

ఏటీఆర్‌ను మన పిల్లలు చిన్నచూపు చూస్తారు. ప్రొపెల్లర్ విమానం అంటే బంధువుల్లో గౌరవం తక్కువని కాబోలు. కానీ బేస్ కోణంలో దక్షిణాది కుర్రాళ్లకు దానంత అనుకూలమైనది లేదు. ఇండిగో 2017 డిసెంబరులో ఏటీఆర్ సర్వీసులు మొదలుపెట్టింది హైదరాబాద్ నుంచే. రాజమహేంద్రవరం, తిరుపతి లాంటి చోట్లకు తిరిగే చిన్న సెక్టార్లు (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేసే ప్రయాణాలు) కాబట్టి సాయంత్రానికి బేస్‌కు చేరే రోజులు ఎక్కువగా దొరుకుతాయి. రోజుకు ఎక్కువసార్లు దిగుతారు, ఎక్కువసార్లు ఎక్కుతారు. చేయి తిరగడానికి అంతకంటే మంచి బడి ఉండదు. ప్రభుత్వ రంగంలోని అలయన్స్ ఎయిర్, 2024 మార్చిలో గోవా కేంద్రంగా ఎగరడం మొదలుపెట్టిన ఫ్లై91 కూడా ఏటీఆర్‌లు నడుపుతున్నాయి.

దీనికి మరో పక్క కూడా ఉంది. ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సుకు కావాల్సిన 1,500 గంటలు ఏటీఆర్‌లోనూ పూర్తవుతాయి. అయితే తర్వాత జెట్ విమానానికి మారాలంటే మళ్లీ టైప్ రేటింగ్, అంటే ఆ రకం విమానం నడపడానికి శిక్షణ, అనుమతి కావాలి. అదే కంపెనీలో మారితే వాళ్లే చేయించవచ్చు. బయటికి వెళ్లి సొంతంగా చేసుకుంటే లక్షల రూపాయలు. విదేశాలకు వెళ్లాలన్న ఆశ గట్టిగా ఉంటే జెట్‌నే ఎంచుకోండి, బేస్ ఎక్కడైనా సరే. అమ్మానాన్నలను చూసుకోవాల్సిన బాధ్యత ఉండి, అయిదారేళ్లు దక్షిణాదిలోనే ఉండాలనుకుంటే ఏటీఆర్ వచ్చినప్పుడు కాదనకండి.

ఊళ్ల పోలిక

హైదరాబాద్ గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. విశాఖకు రోజంతా విమానాలుంటాయి. అవి నిండిపోయినా ఫలక్‌నుమా, విశాఖ ఎక్స్‌ప్రెస్ రాత్రంతా ప్రయాణించి విజయనగరం, శ్రీకాకుళం రోడ్ స్టేషన్లలో దింపుతాయి. అత్తాపూర్, రాజేంద్రనగర్ వైపు ఇల్లు తీసుకుంటే శంషాబాద్ దగ్గరే. భాష, భోజనం, బంధువులు అన్నీ ఉన్నాయి. చిక్కు ఒక్కటే. తెలుగువాళ్లందరి మొదటి గడీ అదే. అక్కడికి వచ్చినవాళ్లు సులభంగా కదలరు కాబట్టి బదిలీ వరుస నెమ్మదిగా సాగుతుంది. దానికితోడు అక్కడ సీనియర్లు ఎక్కువగా స్థిరపడతారు. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి సిరిమాను ఉత్సవానికి సెలవు అడిగే విజయనగరం వాళ్లు అక్కడ మీకంటే ముందే వరుసలో ఉంటారు.

బెంగళూరుకు నా దగ్గర మంచి మార్కులే ఉన్నాయి. దాదాపు అన్ని పెద్ద కంపెనీలకూ అక్కడ విమానాలున్నాయి కాబట్టి రేపు కంపెనీ మారినా ఊరు మారకుండా ఉండే వీలుంది. సిమ్యులేటర్ శిక్షణ కేంద్రాలూ ఉన్నాయి. విశాఖకు నేరుగా విమానాలున్నాయి. రైలు మాత్రం ఆపద్ధర్మమే. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో వస్తే రెండు రోజుల సెలవులో ఒక రోజు పట్టాల మీదే పోతుంది. విమానాశ్రయం దేవనహళ్లిలో, ఊరికి దూరంగా ఉంది. ఐటీ స్నేహితులతో కలిసి ఊరి దక్షిణం వైపు గది తీసుకుంటే తెల్లవారుజామున రిపోర్టింగ్ ఉన్న రోజు అర్ధరాత్రి లేవాలి. యలహంక, హెబ్బాళ వైపు చూసుకోండి.

చెన్నైకి విమానాశ్రయం ఊళ్లోనే ఉండటం సుఖం. అంతకుమించి మన జిల్లాల వాళ్లకు ప్రత్యేకంగా కలిసొచ్చేదేమీ నాకు కనిపించలేదు.

ఢిల్లీ దూరమని భయపడతారు గానీ, విశాఖకు నేరుగా విమానముంది, విమానంలో వచ్చేవాడికి కిలోమీటర్లతో పనిలేదు. అక్కడ అసలు పరీక్ష డిసెంబరు, జనవరి నెలల పొగమంచు. విమానాలు గంటల తరబడి ఆలస్యమై, ఇంటికి చేరాల్సిన రాత్రి ఎక్కడో దారి మళ్లిన ఊళ్లో గడిచిపోవచ్చు. దాన్నే మరో కంటితో చూస్తే, ఎదురు సరిగా కనిపించని పొగమంచులో దిగే శిక్షణ, అనుభవం అక్కడ దొరికినట్టు దక్షిణాదిలో దొరకవు. పెద్ద కంపెనీల కార్యాలయాలు, శిక్షణ కేంద్రాలు గురుగ్రామ్, గ్రేటర్ నోయిడాల్లో ఉండటం కూడా కలిసొస్తుంది. పెళ్లికాని పాతికేళ్ల పిల్లలకు ఢిల్లీ చెడ్డ ఎంపిక కాదు.

ముంబయి అద్దెల గురించి అందరికీ తెలుసు. కొత్తగా తెలుసుకోవాల్సింది నవీ ముంబయి విమానాశ్రయం గురించి. అక్కడ 2025 డిసెంబరు 25న విమానాలు మొదలయ్యాయి. మీ డ్యూటీలు పాత విమానాశ్రయం నుంచా, కొత్త దాని నుంచా, రెండింటి నుంచా అన్నది తేలకుండా ఇంటికి అడ్వాన్సు ఇవ్వకండి. ఆ రెండింటి మధ్య ప్రయాణం చిన్నదేమీ కాదు.

ఇక కోల్‌కతా. మనవాళ్లు ఎవరూ రాయని పేరు, నేను పట్టుబట్టి రాయించే పేరు. పలాస, సోంపేట, ఇచ్ఛాపురం వాళ్లకు హౌరా-చెన్నై ప్రధాన రైలు మార్గం ఇంటి ముందే ఉంది. రాత్రి ఎక్కితే పొద్దుటికి చేరే దూరం. విమానంలో సీటు ఖాళీ ఉందా లేదా అన్న గుండెదడ లేదు. అద్దెలు ముంబయితో పోలిస్తే చాలా తక్కువ. తెలుగువాళ్ల పోటీ లేదు కాబట్టి అడిగితే దక్కే అవకాశం ఎక్కువ. పైగా అక్కడి నుంచి గువాహటి, అగర్తల, ఇంఫాల్, బాగ్‌డోగ్రా వైపు వెళ్లే సెక్టార్లు దొరుకుతాయి. కొండల మధ్య దిగడం, ఏప్రిల్, మే నెలల్లో విరుచుకుపడే కాలబైశాఖి గాలివానలను తప్పించుకోవడం కొత్త పైలట్‌కు గొప్ప చదువు. విజయనగరం పిల్లలకు రెండో గడిలో బెంగళూరు రాయమంటాను. పలాస దాటిన వాళ్లకు మాత్రం కోల్‌కతాయే.

భోగాపురం సంగతేమిటి?

ఈ మధ్య అందరూ అడిగేది ఇదే. విజయనగరం జిల్లాలోనే అల్లూరి సీతారామరాజు పేరుతో అంతర్జాతీయ విమానాశ్రయం కట్టారు కదా, మా వాడికి అక్కడే బేస్ ఇవ్వరా అని. విశాఖ విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా రన్‌వే మీద ఆధారపడింది. భోగాపురంలో 3,800 మీటర్ల రన్‌వేతో ఆ ఇబ్బంది తప్పుతుంది. సర్వీసులు పెరిగే అవకాశం ఉంది. విజయనగరానికి, శ్రీకాకుళానికి ఇంటికొచ్చే దారి బాగా తగ్గుతుంది. ఇదంతా నిజమే. అయినా విమానాశ్రయం రావడం వేరు, బేస్ రావడం వేరు. ఒకటో రెండో విమానాలు రాత్రి నిలిచినంత మాత్రాన కంపెనీ అక్కడ పైలట్లను ఉంచదు. వేరే బేస్ వాళ్లనే హోటల్లో పడుకోబెట్టి పొద్దున్నే పంపుతుంది. అనేక విమానాలు రోజూ రాత్రి అక్కడే ఉంటే తప్ప, ఎవరికైనా జ్వరం వస్తే పిలవడానికి అదనపు పైలట్లను ఆ ఊళ్లో ఉంచడం వాళ్లకు గిట్టుబాటు కాదు. కాబట్టి ఫారంలో ఆ పేరు అచ్చులో కనిపించేదాకా దాన్ని నమ్ముకుని ఏ నిర్ణయమూ తీసుకోకండి. కనిపించినా తొందరపడకండి. చిన్న బేస్‌లో డ్యూటీల వైవిధ్యం తక్కువ, డ్యూటీలు మార్చుకోవడానికి తోటివాళ్లు తక్కువ, విమానం ఒకటి వెనక్కి తీసేస్తే ముందు కదిలేది మీరే.

ఇంటి నుంచే వెళ్లి రావచ్చా?

వద్దు. కనీసం మొదటి రెండేళ్లు వద్దు. కొత్త ఫస్ట్ ఆఫీసర్‌కు స్టాండ్‌బైలు, అంటే పిలిస్తే వెళ్లడానికి సిద్ధంగా ఉండే డ్యూటీలు ఎక్కువగా పడతాయి. ఫోను వచ్చాక కంపెనీ చెప్పిన గడువులోపు విమానాశ్రయంలో ఉండాలి. విజయనగరంలో కూర్చుని హైదరాబాద్ స్టాండ్‌బై చేయడం కుదరదు. సిబ్బందికి ఇచ్చే తక్కువ ధర టికెట్లు సీటు ఖాళీగా ఉంటేనే పనిచేస్తాయి. సంక్రాంతికి, దసరాకు విశాఖ విమానాల్లో ఖాళీ ఎక్కడిది? కంపెనీ పని మీద మిమ్మల్ని ప్రయాణికుడిగా ఇంకో ఊరికి పంపితే ఆ సమయం డ్యూటీలో లెక్క. మీ ఇష్టంతో ఇంటి నుంచి బేస్‌కు చేసే ప్రయాణం లెక్కలోకి రాదు. అలసట మాత్రం వస్తుంది. అలసిపోకుండా డ్యూటీకి రావడం పైలట్ బాధ్యతేనని నిబంధనలు చెబుతున్నాయి.

వారపు విశ్రాంతిని డీజీసీఏ 36 గంటల నుంచి 48 గంటలకు పెంచింది. 2025 జులై నుంచి అమల్లోకి వచ్చిన ఈ మార్పు మన జిల్లాల పిల్లలకు వరమే. పన్నెండు గంటలు కలిసొస్తాయి కాబట్టి ఇంటికి వచ్చి వెళ్లడం సాధ్యమవుతుంది. అయితే డ్యూటీ రోజు పొద్దున్న మొదటి విమానంలో తిరిగి వెళ్దామనుకోకండి. ముందు రోజు సాయంత్రానికే బేస్‌లో ఉండాలి. అదే ఏడాది నవంబరులో రాత్రి ల్యాండింగ్‌లపై పరిమితి కూడా వచ్చింది. డిసెంబరు మొదట్లో ఇండిగో విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాక ఆ కంపెనీకి కొన్ని సడలింపులు ఇచ్చారు. విశ్రాంతి పెరిగితే ప్రతి బేస్‌కూ ఎక్కువమంది పైలట్లు కావాలి. కొత్తవాళ్లకు కోరిన ఊరు దొరికే అవకాశం కొంత మెరుగుపడేది అలాంటప్పుడే.

సంతకానికి ముందు, చేరిన తర్వాత

శిక్షణ కాలంలో ఉండే ఊరు, తర్వాతి బేస్ ఒకటే కావాలని లేదు. పక్కన కూర్చుని నేర్పే ట్రైనింగ్ కెప్టెన్లు ఎక్కడ ఎక్కువగా ఉంటే లైన్ ట్రైనింగ్ (ప్రయాణికులున్న మామూలు విమానాల్లో ఇచ్చే శిక్షణ) అక్కడ జరుగుతుంది. ఆ నెలల్లో వసతి ఎవరిదో రాతపూర్వకంగా అడగండి. కంపెనీ తనంతట తాను బేస్ మారిస్తే సామాను ఖర్చు ఇస్తుందా, మీరు అడిగి మారితే ఇస్తుందా అన్నది కూడా. రెండింటికీ సమాధానం సాధారణంగా వేర్వేరుగా ఉంటుంది.

బేస్ నచ్చకపోతే కంపెనీ మారిపోతాను అనేవాళ్లు రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. 2017లో వచ్చిన డీజీసీఏ నిబంధన ప్రకారం ఫస్ట్ ఆఫీసర్‌కు ఆరు నెలలు, కెప్టెన్‌కు ఏడాది నోటీసు గడువు. శిక్షణ బాండ్ (ఇంతకాలం పనిచేస్తానన్న ఒప్పందం) ఉంటే అది అదనం. కొత్త చోట సీనియారిటీ అట్టడుగు నుంచి మొదలవుతుంది. 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్, 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు ఎంతో అనుభవమున్న పైలట్లు కూడా కొత్త కంపెనీల్లో వరుస చివర నిలబడాల్సి వచ్చింది.

తల్లిదండ్రులకు ఒక మాట. మొదటి జీతం రాగానే బేస్ ఉన్న ఊళ్లో ఫ్లాట్ కొనకండి. కెప్టెన్ అయ్యే సమయంలో ఖాళీ ఎక్కడుంటే అక్కడికి వెళ్లాల్సి రావచ్చు. అప్పటికి ఈఎంఐ ఒక ఊళ్లో, అద్దె ఇంకో ఊళ్లో అవుతుంది.

బదిలీ దరఖాస్తు మాత్రం వాయిదా వేయవద్దు. చాలాచోట్ల కనీసం కొంతకాలం పనిచేశాకే దరఖాస్తు తీసుకుంటారు. ఆ గడువు ఏ రోజుతో తీరుతుందో క్యాలెండర్లో రాసుకుని ఆ రోజే పెట్టండి, పెట్టినట్టు మెయిల్ ద్వారా రసీదు తీసుకోండి. పోస్టింగ్ బాగుంది కదా, తర్వాత చూద్దాం అని ఊరుకున్న వాడి కంటే ముందే, నెల రోజుల ముందు దరఖాస్తు పెట్టిన జూనియర్ హైదరాబాద్ చేరడం నేను రోస్టర్ గదిలో కూర్చుని చాలాసార్లు చూశాను. వరుసలో మీ వంతు వచ్చినప్పుడు వద్దనుకుంటే ఏమవుతుంది, పేరు చివరికి పోతుందా, అక్కడే ఉంటుందా అన్నది కూడా దరఖాస్తు రోజే తెలుసుకోండి.